సామి వచ్చేదాకా నవ్వొచ్చు



రేడియోలో నా యాస విని మీలో కొందరికి నవ్వు రావచ్చు. రానివ్వండి, నేనేమీ అనుకోను. విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి పోయే పెద్దరోడ్డుకు అటూ ఇటూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో ఒకదాంట్లో పుట్టినవాణ్ణి. ఆ నేలను అక్కడ కరిసల్ అంటారు. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలోనూ తమిళమే. తెలుగు అక్షరాలు నేను మీసాలొచ్చాక నేర్చుకున్నాను. అందుకని ఇటొస్తే మీరు నవ్వుతారు, అటు పోతే వాళ్లు నవ్వుతారు. నవ్వు గురించి మాట్లాడటానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఈ పూట విషయం సూపర్‌హీరో సినిమాలు. గంభీరంగా నడవాల్సిన ఆ సినిమాల్లో హాస్యం ఎంతుండాలి అన్నది ప్రశ్న.

2022 జూలైలో మా తమ్ముడి కొడుకును వెంటబెట్టుకుని కోవిల్‌పట్టిలో 'థోర్: లవ్ అండ్ థండర్' చూశాను, తమిళ డబ్బింగ్‌లో. వాడికప్పుడు పన్నెండేళ్లు. ఎడారిలో కూతుర్ని పోగొట్టుకున్న తండ్రితో ఆ సినిమా మొదలవుతుంది. జేన్ అనే అమ్మాయికి క్యాన్సర్, నాలుగో దశ. సుత్తి చేతబడితే ఆమెకు దేవతంత బలం వస్తుంది, కానీ పట్టినప్పుడల్లా ఆయుష్షు కరుగుతుంది. ఇదీ కథ. ఈ కథలోకి రెండు పెద్ద మేకలొచ్చి మనుషుల్లా కేకలు పెడుతుంటాయి. మొదటిసారి హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అవే కేకలు మళ్లీ మళ్లీ వినిపించేసరికి మా ముందు వరసలో ఒకాయన మేకల కన్నా గట్టిగా ఆవలించాడు. చివర జేన్ ప్రాణం పోయే చోట మావాడు నా మోచెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగాడు: "పెదనాయనా, ఆ యమ్మ నిజంగానే పోతుందా, ఇది కూడా తమాషానా?"

వాడి కళ్లు అప్పటికే చెమర్చి ఉన్నాయి. ఏడవొచ్చో లేదో తెలియక నన్నడిగాడు.

ఇంటర్వెల్లో కడలై మిఠాయి కొనుక్కున్నాం. కోవిల్‌పట్టి పేరెత్తితే వేరుసెనగపప్పూ బెల్లమూ కలిపి పోసిన ఆ అచ్చే గుర్తొస్తుంది ఎవరికైనా. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాకం లేతగా ఉంటే పలుకులు రాలిపోతాయి, ముదిరితే పళ్లు కదులుతాయి. సినిమాలో హాస్యానికి ఈ పాకాన్ని పోలిక తెచ్చి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. కానీ పాకం పోలిక తెస్తే మాట 'ఎంత' దగ్గరే ఆగిపోతుంది. మావాడి అనుమానం ఎంత అన్నదాని గురించి కాదు. తనను నవ్వించినవాళ్లను ఇప్పుడు నమ్మొచ్చా అని వాడి అనుమానం.

సూపర్‌హీరో అన్న మాట మా పల్లెలకు రాకముందే మాకొకడు ఉండేవాడు. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్. తెలుగింటివాడే. గెట్టిబొమ్ము అన్న పేరు తమిళ నోళ్లలో నానీ నానీ కట్టబొమ్మన్ అయిందంటారు. 1799 అక్టోబర్ 16న ఈస్టిండియా కంపెనీవాళ్లు ఆయన్ను కయత్తారులో ఉరితీశారు. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి పోయే దారిలోనే ఉంది కయత్తారు. బస్సు అక్కడ ఆగినప్పుడల్లా మా అవ్వ చేతులు జోడించేది.

అవ్వ ఆ కథను తెలుగులో చెప్పేది. ఆమె కథలో ఉరి చాలా ఆలస్యంగా వచ్చేది. ముందంతా జాక్సన్ దొర వ్యవహారం. చరిత్రలో జరిగిందే అది. 1798లో కప్పం బకాయి గురించి మాట్లాడాలి రమ్మని కలెక్టర్ జాక్సన్ కబురు పెట్టాడు. పాలెగాడు పరివారంతో బయల్దేరితే దొర కుర్తాళంలో ఉన్నాడన్నారు. అక్కడికి పోతే కుదరదన్నారు. ఇంకో ఊరు, మరో ఊరు, శ్రీవిల్లిపుత్తూరు, అలా మూడు వారాలకు పైగా తిప్పి తిప్పి చివరికి రామనాథపురంలో దర్శనమిచ్చాడు. అవ్వ ఒక్కో మజిలీకి ఒక్కో కారణం కల్పించేది. ఒక ఊళ్లో దొరకు కడుపునొప్పి. ఒక ఊళ్లో పగటి నిద్ర. ఇంకో ఊళ్లో దొర బాగానే ఉన్నాడు గానీ దొర గుర్రం అలిగింది. మేం పొట్టలు పట్టుకుని దొర్లేవాళ్లం. రామనాథపురం కోటలోకి పాలెగాడు అడుగుపెట్టిన చోట అవ్వ గొంతు దిగేది. అక్కణ్ణుంచి కయత్తారు దాకా ఒక్క హాస్యం లేదు. గుర్రం అలక గురించి మాలో ఎవడైనా మళ్లీ ఎత్తితే మొట్టికాయ పడేది.

అవ్వ నవ్వుతో మమ్మల్ని ఆదమరిపించి, ఆ ఆదమరుపులోనే ఆయన్ను మావాణ్ణి చేసేసేది. దొర చేతిలో అన్ని తిప్పలు పడ్డవాడు మాకు బంధువైపోయాడు. బంధువును ఉరితీస్తే ఎలా ఉంటుందో తర్వాత తెలిసొచ్చేది.

కష్టం పక్కనే నవ్వును పెట్టిన ఇంకో మనిషి, మా దారిలోనే ఉన్న ఇడైసెవల్ ఊరి రచయిత కి. రాజనారాయణన్. అందరికీ ఆయన నైనా. తెలుగింట పుట్టి తమిళంలో కరిసల్ పల్లెల్ని రాసి, 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్న మనిషి. తాను వానకు తలదాచుకోవడానికే బడిలోకి పోయాననీ, పోయి కూడా వాననే చూస్తూ నిలబడ్డాననీ తన చదువు గురించి తనే చెప్పుకునేవాడు. ఆయన 'గోపల్ల గ్రామం' నిండా వలస వచ్చిన తెలుగువాళ్ల కష్టం ఉంటుంది, ఊరి మనుషులు ఒకరికొకరు తగిలించుకున్న వెటకారపు పేర్లూ ఉంటాయి. ఆడపిల్ల మానం కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి ఊళ్లు వదిలి పారిపోయిన జనం దక్షిణానికి వచ్చి చేసిన మొదటి పనుల్లో ఒకటి ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకోవడం. అందులో వింతేమీ లేదు. ఏరు దాటడానికి చెట్టే వంగి దారిచ్చిందని చెప్పుకునే జనమే, ఆ చెట్టు మీద ఎవరు జారిపడ్డారో కూడా చెప్పుకుంటారు.

కట్టబొమ్మన్‌కు తిరిగొస్తాను. 1959లో బి.ఆర్. పంతులు ఆ కథను సినిమా తీశారు. శివాజీ గణేశన్ కట్టబొమ్మన్. మరుసటి ఏడు కైరో చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి తెచ్చుకున్నాడు. కయత్తారులో స్థలం కొని కట్టబొమ్మన్ విగ్రహం పెట్టించింది కూడా శివాజీయే. జాక్సన్ దొరను నిలదీసే ఆ ఘట్టం మా వైపు పిల్లలకు ఎక్కాలతో పాటు వచ్చేది. సరే, అదంతా అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది ఆ సినిమాలో ఎట్టప్పన్ వేషం గురించి. కట్టబొమ్మన్‌కు ద్రోహం చేశాడంటారు; ద్రోహికి తమిళంలో పర్యాయపదమైపోయిన పేరది. ఆ ఎట్టయాపురం జమీ కోవిల్‌పట్టి పక్కనే. వాళ్లదీ తెలుగే. వీరుడూ మా భాషవాడే, ద్రోహి అని పేరుపడ్డవాడూ మా భాషవాడే. ఇంతకన్నా ఇంటి గుట్టు రేడియోలో చెప్పకూడదు. ఎట్టయాపురంవాళ్లు ఆ పేరును ఒప్పుకోరన్నది మాత్రం చెప్పి తీరాలి.

ఆ వేషం వేసింది వి.కె. రామసామి. ఆ 'వి' అంటే విరుదునగర్. 1947లో 'నామ్ ఇరువర్'లో ఇరవై దాటీ దాటని వయసులో ముసలివేషం కట్టి, ఆ తర్వాత జీవితమంతా జనాన్ని నవ్వించిన మనిషి. నవ్వించేవాడి చేత నమ్మకద్రోహం చేయించడం గొప్ప ఎత్తు. కరకు మొహంవాడు వెన్నుపోటు పొడిస్తే మనం ముందే సిద్ధపడి ఉంటాం. మనల్ని నవ్వించే ముఖం పొడిచినప్పుడు మనకే పొడిచినట్టుంటుంది. ఇలాంటి సినిమాలో హాస్యనటుడు ఉండాలా వద్దా అని వాదించుకునేవాళ్లు ఆ ఒక్క వేషాన్ని గుర్తుపెట్టుకుంటే సగం వాదన తగ్గుతుంది.

ఈ గొప్ప ఘట్టాలన్నిటినీ నలభై ఏడేళ్ల తర్వాత వడివేలు ఉతికి ఆరేశాడు. 2006లో చింబుదేవన్ తీసిన పులికేశి సినిమా తెలుగులోనూ వచ్చింది, 'హింసించే 23వ రాజు పులికేశి'గా. మీసం పెంచి, దొరల ముందు వంగి సలాం కొట్టే రాజు. మా ఊళ్లో జనం కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. నవ్వుకుంటూ ఇంటికొచ్చేటప్పుడు దారిలో కట్టబొమ్మన్ పటం ఉన్న టీ కొట్టు దగ్గర ఆగి టీ తాగారు. పటానికి రోజూ వేసే దండ ఆ రోజూ వేసి ఉంది. ఆ సినిమా ఎగతాళి చేసింది రాజసపు డాబును. ఆ డాబు వెనకున్న ఉరితాడును అది ముట్టుకోలేదు. కవల సోదరుడి వేషంలో ఇంకో వడివేలు నిజమైన వీరుడిగా అందులోనే ఉన్నాడు.

విరుదునగర్ పేరు వెనక కూడా ఇలాంటి కథే ఉంది. మన బిరుదే తమిళంలో విరుదు. వెనకటికి ఒక వీరుడు గెలుచుకున్న బిరుదులన్నీ జెండాల్లా మోసుకుంటూ ఊరూరా తిరిగి, నాతో పోరాడేవాడెవడని సవాలు చేసేవాడట. ఈ ఊరికొచ్చి అలాగే అరిచాడు. ఊళ్లోవాడొకడు ముందుకొచ్చి వాణ్ణి నరికి బిరుదులన్నీ తీసుకున్నాడు. అలా విరుదుపట్టి అయింది, 1923లో విరుదునగర్ అయింది. కథ నిజమో కాదో గానీ చెప్పిన తీరు చూడండి. గెలిచినవాడి పేరు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. బడాయి కొట్టినవాడి ఓటమి ఊరికి పేరైంది.

అదే జిల్లాలో శివకాశి. మీకు శివకాశి అంటే టపాసులు, క్యాలెండర్లు. నాకు మాత్రం 'ఇరుంబుక్కై మాయావి', అంటే ఇనపచెయ్యి మాయావి. 1972లో సౌందరపాండియన్ అక్కడ ముత్తు కామిక్స్ మొదలుపెట్టినప్పుడు మొదటి పుస్తకమే ఆ మాయావిది. మూలం ఇంగ్లండుది, 'ది స్టీల్ క్లా'. క్రాండెల్ అనేవాడికి ఒక చెయ్యి ఉక్కుది. కరెంటు షాకు కొడితే ఒళ్లంతా మాయమై ఆ చెయ్యి ఒక్కటే గాల్లో తేలుతుంది. ఆ పుస్తకాల్లో నవ్వన్నది లేదు. చిక్కటి నీడలు, చెమట పట్టిన ముఖాలు, అంతే. నవ్వు మేం కలుపుకున్నాం. మా ఊళ్లో పగలు కరెంటు ఉండేది కాదు. మాయావి గనక మా ఊరొస్తే రాత్రి దాకా బావి గట్టు మీద కూర్చోవాల్సిందేనని చెప్పుకుని చెప్పుకుని నవ్వేవాళ్లం. అలా నవ్వినవాళ్లమే, ఉక్కు చెయ్యి కిటికీలోంచి లోపలికొచ్చే బొమ్మ చూసి రాత్రిళ్లు కిటికీ మూసుకుని పడుకున్నాం.

1984లో సౌందరపాండియన్ కొడుకు విజయన్ లయన్ కామిక్స్ తెచ్చాడు. అందులో స్పైడర్ వచ్చేవాడు. మీరనుకునే అమెరికా స్పైడర్‌మాన్ కాదు. నిక్కపొడిచిన చెవుల ఇంగ్లండు స్పైడర్. నేరగాళ్లకు రాజునవుతానని బయల్దేరి, తర్వాత నేరగాళ్లనే పట్టే పనిలో పడినవాడు. ఆ కథలు చాలావరకు రాసింది జెర్రీ సీగెల్. 1938లో అచ్చయిన సూపర్‌మాన్‌ను పుట్టించిన ఇద్దరిలో ఒకడు! సూపర్‌మాన్ తండ్రి రాసిన కథ లండన్ మీదుగా శివకాశి చేరి, తమిళమై, నూనె మరకలతో ఒక తెలుగు పిల్లాడి చేతిలో పడింది. నాకీ సంగతి తెలిసింది నలభై ఏళ్లు దాటాక. స్పైడర్‌కు తన మీద తనకు ఎంత మోజో! ప్రతి బొమ్మలోనూ తన తెలివిని తనే మెచ్చుకుంటాడు. వాడు నవ్వించడానికి ఒక్క మాటా అనడు. వాడి డంబమే మాకు నవ్వు. నవ్వులకు విడిగా లక్కీ లూక్ కథలు వేసేవాళ్లు. ఉప్పు డబ్బా వేరు, పంచదార డబ్బా వేరు. ఇవాళ్టి సినిమావాళ్లు ఆ రెండు డబ్బాలూ ఒక్కసారే ఒంపేస్తున్నారని నా అనుమానం.

అలాగని కలపకూడదనను. కలిపినవాళ్లలో కె.వి. రెడ్డిని మించినవారు లేరు. ఘటోత్కచుడి కన్నా పెద్ద సూపర్‌హీరో మనకెవరున్నారు చెప్పండి. ఎగురుతాడు, పెరుగుతాడు, కావలసిన రూపం ఎత్తుతాడు. 1957లో ఆయన 'మాయాబజార్' తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. తెలుగులో నాగేశ్వరరావు చేసిన అభిమన్యుడు తమిళంలో జెమినీ గణేశన్. రేలంగి లక్ష్మణకుమారుడు అక్కడ తంగవేలు. రెండిట్లోనూ ఘటోత్కచుడు మాత్రం ఎస్.వి. రంగారావే. మా నాయన చూసింది తమిళ మాయాబజార్, నేను చూసింది తెలుగుది. ఇద్దరం ఒకే చోట నవ్వాం.

రంగారావు మొదట వచ్చేది భయపెట్టడానికి. అడవిలో అభిమన్యుడి రథాన్ని అడ్డగించి గర్జిస్తాడు. బాణాలు నడుస్తాయి, సుభద్ర విల్లందుకుంటుంది. తమ్ముడని తెలిశాక ఆ కొండంత మనిషి పశ్చాత్తాపంతో వంగిపోతాడు. ఇదంతా అయ్యాకే హాస్యం. పెళ్లివారి విందంతా ఒక్కడే ఊడ్చిపెట్టే చోటు, శశిరేఖ వేషంలో, అంటే సావిత్రి ఒంట్లో ఘటోత్కచుడు దూరినట్టు, లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోటు. అక్కడ మనం ఎవర్ని చూసి నవ్వుతున్నాం? ఘటోత్కచుణ్ణి చూసి కాదు. అతని బలాన్ని చూసి అసలే కాదు. కౌరవుల డాబును, శకుని తెలివిని, పెళ్లికొడుకు సోకును చూసి. బలం ముందు నిరూపణ అయిపోయింది గనక రంగారావు ఎంత అల్లరి చేసినా గద బరువు తగ్గలేదు.

'ఎంత' అని పట్టుబట్టేవాళ్లకు బుర్రకథలో లెక్క దొరుకుతుంది. ముగ్గురిలో ఒకడు. మధ్యలో తంబురాతో కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. షేక్ నాజర్ చెప్పిన బొబ్బిలి యుద్ధమైనా అల్లూరి సీతారామరాజు కథైనా ఆ ముగ్గురూ ఉండాల్సిందే. హాస్యపు వంతకు కథకుణ్ణి మధ్యలో ఆపి ఎకసెక్కం చేసే హక్కుంది. వీరుడు నేలకొరిగే చోట మాత్రం అతనూ గుమ్మెట వాయిస్తూ మిగతావాళ్లతో గొంతు కలుపుతాడు. అతన్ని ఎవరూ అక్కడ ఆపరు. ఆగడం అతని పనిలో భాగం. నవ్వించడం కన్నా అదే కష్టమని నాకు తోస్తుంది.

కొత్త సినిమాల్లోకి వస్తాను. 1980లోనే ఎన్.టి. రామారావు ఆంజనేయుడి వరంతో శక్తులొచ్చిన 'సూపర్‌మాన్'గా వచ్చారు. ఆ దుస్తులు చూసి ఇవాళ్టి పిల్లలు నవ్వుతారు. తీసినవాళ్లు నవ్వించాలని తీయలేదు. దర్శకుడు పెట్టని నవ్వు ఎప్పుడూ కాలం పెడుతుంది, దానికి మందు లేదు. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హనుమాన్' మళ్లీ ఆ ఆంజనేయుడి దగ్గరికే పోయింది. చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడికి మణి దొరుకుతుంది. సగం సినిమా కామెడీయే. నాకు బాగా నచ్చిన హాస్యం మాత్రం విలన్‌ది, దాన్ని ఎవరూ హాస్యమనరు. సూపర్‌హీరోలందరూ అనాథలని గమనించి, తనూ సూపర్‌హీరో కావాలని ఒక పిల్లవాడు సొంత తల్లిదండ్రుల్ని చంపేస్తాడు. సూపర్‌హీరో కథలన్నిటి మీదా వేసిన వెటకారం అది. వింటే నవ్వొస్తుంది, చూస్తే వెన్ను జలదరిస్తుంది.

2023లో తమిళ 'మావీరన్', తెలుగులో 'మహావీరుడు', ఇంకో దారి పట్టింది. పత్రికలో వీరుడి బొమ్మల కథ గీసే కుర్రాడు ఒట్టి పిరికివాడు. చెవిలో ఒక గొంతు అతను చేయబోయే వీరకార్యాలు చదివి వినిపిస్తుంటుంది. తప్పించుకోవాలని పరుగెత్తినా గొంతు వదలదు. తెలుగులో ఆ గొంతు రవితేజది. చిత్రంగా 'హనుమాన్'లో కోతికి గొంతిచ్చిందీ రవితేజే. మన వీరులకు ధైర్యం చెప్పే కాంట్రాక్టు ఆయనే తీసుకున్నట్టున్నాడు. 'మహావీరుడు'లో ఇళ్లు పెచ్చులూడి కూలిపోయేలా కట్టారు, పేదవాళ్లను అందులోకి తోలారు. హాస్యం ఎక్కువగా ఆ గోడల మీద వేయలేదు. కుర్రాడి పిరికితనం మీదే వేశారు. అందుకే గోడ బీటవారినప్పుడు హాల్లో చప్పుడు లేదు.

మలయాళంలో 2021లో వచ్చిన 'మిన్నల్ మురళి' ఇంకా నిక్కచ్చి. ఒకే పిడుగు ఇద్దరి మీద పడుతుంది. దర్జీ జైసన్ వీరుడవుతాడు, టీ కొట్టులో పనిచేసే షిబు విలన్ అవుతాడు. జైసన్ను చూసి ఎంతైనా నవ్వుకోవచ్చు. షిబును చూసి ఊరంతా నవ్వుతుంది గానీ సినిమా నవ్వదు. మదురై నటుడు గురు సోమసుందరం ముఖం చూశాక మనమూ నవ్వలేం. ఊరు నవ్విన నవ్వే అతన్ని అలా చేసిందని మనకు తెలుస్తుంది. హాస్యం ఎంతుండాలన్న ప్రశ్న అక్కడ ఎవరికీ గుర్తుకే రాదు. ఎవరి మీద ఉండకూడదో వాళ్లకు ముందే తెలుసు.

తెలియకపోతే ఏమవుతుందో చూడాలంటే 2017 నాటి 'జస్టిస్ లీగ్' చూడండి. దర్శకుడు జాక్ స్నైడర్ కూతుర్ని పోగొట్టుకుని తప్పుకున్నాక జాస్ వీడన్ వచ్చి మళ్లీ చాలా భాగం తీశాడు. సినిమా బరువైపోతోందని హాస్యాలు దట్టించారు. సూపర్‌మాన్ వేసే హెన్రీ కావిల్ అప్పుడు ఇంకో సినిమా కోసం మీసం పెంచుతున్నాడు, తీయడానికి వీల్లేదు. కంప్యూటర్‌లో చెరిపారు. పై పెదవి చూసి ప్రపంచమంతా నవ్వింది. కష్టపడి రాయించిన హాస్యాలకు రాని నవ్వు లేని మీసానికి వచ్చింది. 2021లో స్నైడర్ తన సినిమాను తన పద్ధతిలో విడుదల చేశాడు, నాలుగు గంటలు. అది నాకు మరీ బరువు, మధ్యలో లేచి అన్నం తిన్నాను. కానీ అది తనను చూసి తను సిగ్గుపడలేదు. 2017 సినిమా సిగ్గుపడింది. పై నుంచి కింది దాకా దుప్పటి కప్పుకుని ఎగురుతున్నాం, చూసేవాళ్లు నవ్వుతారేమో, ముందు మనమే నవ్వేద్దాం అన్న భయం ప్రతి హాస్యం వెనకా కనబడుతుంది. యాస గురించి మొదట్లో నేను చేసిన పని అదే కదా, నాకు తెలుసు ఆ భయం.

1978 నాటి 'సూపర్‌మాన్' సిగ్గుపడలేదు. రిచర్డ్ డానర్ వీరుడి వంతు హాస్యమంతా క్లార్క్ కెంట్‌కు, అంటే మామూలు మనిషి వేషంలో ఉన్న సూపర్‌మాన్‌కు, ఇచ్చాడు. కళ్లజోడు సర్దుకుంటూ, గుమ్మాలకు కొట్టుకుంటూ, అందరికీ దారి ఇచ్చే మనిషి. ఆ వేషం వేసిన క్రిస్టఫర్ రీవ్ కళ్లజోడు తీసి నిటారుగా నిలబడితే హాల్లో నవ్వు ఎవరూ చెప్పకుండానే ఆగిపోయేది. ఒకే ఒంట్లో హాస్యానికి ఒక గది, వీరానికి ఒక గది. మధ్యలో తలుపు ఆ కళ్లజోడే.

ఆ కళ్లజోడు నేను అంతకుముందే చూశాను.

మా చిన్నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు. సోడాబుడ్డి అద్దాలు. అవి లేకపోతే ఎదురుగా ఎద్దున్నా మనిషున్నా తెలియదు. ఏటా తమిళుల పంగుని నెలలో గుడి కొలుపులో ఆయన మీదికే సామి వచ్చేది. మా వైపు గుడి పండగలకు వచ్చే మేళం పేరే నైయాండి మేళం. నైయాండి అంటే ఎగతాళి అని అర్థం. కంబళ నాయకర్లు ఆడే సేవయాట్టం చూస్తే, దేవుడి సేవకని వరసగా నిలబడి అడుగులు వేసే జనం మధ్య కోమాళి, అంటే విదూషకుడు, ఒకడు తన పాటికి తను గంతులేస్తుంటాడు. ఎవరూ వాణ్ణి తప్పుపట్టరు. మా కొలుపులో ఆ కోమాళి పని బావమరుదులది. చిన్నాయన పట్టుపంచె కట్టుకుని వేపాకు పట్టుకుని నిలబడితే వాళ్లు చుట్టూ చేరతారు. "ఏం బావా, ఈసారైనా సామి సరైన ఇంటికొస్తాడా, అద్దాలు లేక పక్కింటికి పోతాడా?" అని. చిన్నాయన కూడా నవ్వుతాడు. "నాకు కనబడకపోతే ఏం, ఆయనకు కనబడతా కదా" అంటాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

ఉరుమి డోలు మీద పుల్ల గీసిన చప్పుడు మొదలయ్యేది అప్పుడే. చిన్నాయన అద్దాలు తీసి పక్కకు చెయ్యి చాపేవాడు. వాటిని పట్టుకునే పని నాది. ఏడేళ్ల వయసు నుంచి నాదే. నా చేతిలో అద్దాలు పడగానే బావమరుదులు నోళ్లు మూసుకుని చేతులు కట్టుకునేవాళ్లు. ఎవరూ సైగ చేసేవాళ్లు కాదు. గుడ్డిగా తడుముకునే మా చిన్నాయన ఆ గంటసేపు నిప్పుల పక్క నుంచి తడబడకుండా నడిచేవాడు, గుంపులో ఎక్కడో వెనక నిలబడి ఏడుస్తున్న ఆడమనిషి ముందుకు నేరుగా వెళ్లి నిలబడి ఆమె నెత్తిన బూడిద వేసేవాడు. ఆయన ముఖం నాకు తెలిసిన ముఖం కాదు. అద్దాలు చేతిలో చెమటకు జారిపోతుంటే రెండు చేతులా పట్టుకుని వెనకాలే తిరిగేవాణ్ణి.

చివర్లో హారతి అయ్యాక ఒక్కసారిగా కూలబడేవాడు. ఎవరో నీళ్లు తాగించేవాళ్లు. కాసేపు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. కళ్లు చికిలించి అటూ ఇటూ చూసి, ఎదురుగా ఉన్న గుడి స్తంభాన్ని నేనే అనుకుని, దానితో అనేవాడు:

"నా అద్దాలేవిరా?"

పెద్ద బావమరిది అందరికన్నా ముందు నవ్వేవాడు.